పది మంచాల దవాఖాన

పుష్పమ్మ పెరట్లో గొంతుక్కూర్చుని చాయ్ గ్లాసులు కడుగుతోంది. ఎలక్షన్ మొదలైనప్పటినుంచీ ఆ ఇంట్లో పొయ్యి ఆరింది లేదు, గ్లాసుల గుట్ట తరిగిందీ లేదు. ముందు బోరునీళ్ల తొట్టిలో ముంచి బూడిదతో తోమాలి. ఆ పైన ట్యాంకరు నీళ్ల బకెట్లో ఇంకోసారి తిప్పి బోర్లించాలి. బోరునీళ్లతోనే సరిపెడితే ఆరాక గ్లాసు లోపల పచ్చటి చార కడుతుంది. ప్రచారానికి వచ్చినవాళ్లు ఆ చార చూసి మొహం చిట్లిస్తారు. ట్యాంకరు పంపేది ఊరి పక్కనున్న తెల్లగోడ రసాయనాల కంపెనీ. బోర్లు ఎవరివల్ల పాడయ్యాయో ఈదులకుంటలో చంటిపిల్లకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన సంగతి గనకే ఎవరూ నోటితో అనరు.

"అన్నో! సిస్టరమ్మ మనింటికే వస్తుందే!"

వాకిట్లోంచి ఓదెలు వేసిన ఈ కేక దగ్గరే పోయిన వారం కథ ఊపిరి బిగబట్టింది. అది ఎందుకు అంత పెద్ద కేకో ఈ ఇంటి గుట్టు తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి.

ఈదులకుంట సర్పంచి కుర్చీ ఈసారి ఆడవాళ్ల పాలయింది. కంపెనీకి కూలీలను పెట్టే కాంట్రాక్టరు మొగులయ్య తన భార్య నర్సింహమ్మను నిలబెట్టాడు. ఆమెది ఉంగరం గుర్తు. ఆమె మీద నిలబడింది కమలాకుమారి. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి, ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, ఊరి చివర కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆమెది కత్తెర గుర్తు. ఊళ్లో అందరికీ ఆమె సిస్టరమ్మే. ఇద్దరూ అడిగేది ఓట్లే, ఇద్దరూ చెప్పేది దవాఖాన సంగతే. కానీ ఒకరు చెప్పే దవాఖాన ఇంకొకరికి గిట్టదు.

మొగులయ్య తమ్ముడు లింగం. పుష్పమ్మ పెనిమిటి. అన్న చేతి కిందే కంపెనీలో పొడి ఆరబెట్టే సెక్షన్‌లో కాంట్రాక్టు పని. ప్రచారం ఊపందుకున్న రోజుల్లో మొగులయ్య తన వాకిట్లోనే కంపెనీ వ్యాన్ తెప్పించి ఉచిత వైద్య శిబిరం పెట్టించాడు. ముసలివాళ్లకు సూదులు వేశారు, గోలీలు పంచారు. కంపెనీలో చేసే మగవాళ్లకు రక్తం తీశారు. ఆ తర్వాత సోమవారం పొద్దున లింగాన్నీ ఇంకో నలుగురినీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. పని లేదన్నాడు. ఎందుకు లేదో చెప్పలేదు. ఆనాటినుంచీ లింగం పెరటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. తిన్నది సగం బయటికి వస్తోంది. పోలింగు ఎల్లుండి.

ఇప్పుడు ఆ ఇంటి ముందుకే సిస్టరమ్మ వచ్చింది.

పుష్పమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వంటింటి తలుపు పక్కకు వచ్చి నిలబడింది. వాకిట్లో నులకమంచం మీద మొగులయ్య, తెల్లచొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాడు. గోడలమీద ఉంగరం బొమ్మలు రాసే ఓదెలు రంగు అంటిన చేతులతో చాయ్ తాగుతున్నాడు. అరుగు మీద అత్త రాజవ్వ మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. స్తంభం దగ్గర యారాలు నర్సింహమ్మ, కొత్త చీర గంజి ఇంకా విరగలేదు, చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది. ప్రచారం మొదలైననాటినుంచీ ఆ భరిణె ఆమె చేతిలోంచి దిగలేదు.

ఆడమనిషి పోటీలో ఉంటే గడప గడపకూ వెళ్లి ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటు అడగాలి. పెళ్లికి పిలిచినట్టే. ఒక్క గడప వదిలినా ఆ ఇంటిని వెలేసినట్టు లెక్క. గడపలోకి వచ్చిన బొట్టును కాదనడమూ అంతే తప్పు. అందుకని కమలాకుమారి రాక తప్పదు, వీళ్లు రానివ్వక తప్పదు.

ఆమె వెంట వచ్చిన కాలనీ ఆడవాళ్లు రోడ్డు మీదే ఆగిపోయారు. ఆమె గొడుగు మూసి, గోడకు ఆనించి, తన కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కతే లోపలికి వచ్చింది.

"కత్తెరొచ్చింది, కత్తెర! కడుపులు జాగ్రత్త!" అని ఓదెలు అరిచాడు. "కత్తెర మీద గుద్దితే ఊరంత పిల్లల ఆపరేషనే!"

మొగులయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

"నీకు ఇప్పటికి అయిదుగురు కదా ఓదెలూ?" అంది కమలాకుమారి. "ఆపరేషన్ చేయించమని మీ ఆవిడ నన్ను అడిగి రెండేళ్లయింది. నువ్వు వద్దన్నావని ఆగింది. ఇప్పుడు నువ్వే గుర్తు చేశావు, సంతోషం."

నవ్వు అటునుంచి ఇటు మారింది. రాజవ్వ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓదెలు గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఏంది సిస్టరమ్మా, తొవ్వ తప్పినవా?" అన్నాడు మొగులయ్య, మంచం మీదినుంచి లేవకుండానే.

"తప్పలేదండీ. మీ గడప వదిలేస్తే రేపు మీరే అంటారు, భయపడి రాలేదని."

"భయపడుడు మంచిదే. భయమున్నోళ్లు బాగుపడ్తరు."

"వాకిట్ల నిలబడ్డ ఆడమనిషిని గట్లనే నిలబెడ్తార్రా?" రాజవ్వ కసిరింది. "బొట్టు పెట్టనియ్యి. పెట్టిచ్చుకుంటే ఓటు పడ్డట్టు గాదు గద."

కమలాకుమారి మొదట రాజవ్వ చేతులు కళ్లకద్దుకుంది. తర్వాత స్తంభం దగ్గరికి వెళ్లి నర్సింహమ్మ నుదుట బొట్టు పెట్టింది.

"మీ ఓటు కత్తెరకు వెయ్యండి నర్సింహమ్మ గారూ."

ఓదెలుకు ప్రాణం లేచి వచ్చింది. "అక్కనే ఓటడుగుతుందే! ఇగ ఉంగరం బొమ్మ గూడ అడుగు, ఇచ్చి పంపుతం!"

నర్సింహమ్మ నవ్వలేదు. ఆచారం ప్రకారం తన భరిణె తెరిచి కమలాకుమారికి బొట్టు పెట్టింది. మొగుడి వైపు ఒకసారి చూసి, అతను నేర్పిన మాట గడగడా అప్పజెప్పింది. "ఉంగరం గుర్తుకే మీ ఓటు వేసి మన ఊరికి పది మంచాల దవాఖాన తెచ్చుకోవాలని కోరుతున్నాను." అంతకుమించి ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

"ఇన్నవా?" మొగులయ్య ఇప్పుడు నిటారుగా కూర్చున్నాడు. "బడి పక్క జాగల ముగ్గు పోసినం. పోయి సూడు. పది మంచాలు. రాత్రనక పగలనక డాక్టరు. సూది ఫిరీ, గ్లూకోజు ఎక్కిచ్చుడు ఫిరీ. పటాన్‌చెరు ఉరుకుడు లేదు, సంగారెడ్డిల లైను కట్టుడు లేదు. గవర్నమెంటును అడుక్కునుడు లేదు. పైసలన్ని కంపెనీయి. ఊరు చెయ్యాల్సింది ఒక్కటే, కంపెనీ కొత్త షెడ్డుకు పంచాయతీ సంతకం. గిదీ నా దవాఖాన. నీదేడున్నదో సూపియ్యి."

"మీరే రోజూ చూస్తున్నారుగా. సబ్‌సెంటరు. గవర్నమెంటు కట్టి ఎన్నేళ్లయింది? తాళం మీ దగ్గరే ఉంది. లోపల మీ యూరియా బస్తాలున్నాయి."

మొగులయ్య మొహంలో నవ్వు తగ్గింది.

"నేను గెలిస్తే ముందు ఆ బస్తాలు బయటికొస్తాయి," అంది కమలాకుమారి. "అక్కడ వెయ్యాల్సిన నర్సు ఊళ్లోనే ఉండాలి. వారానికోసారి వచ్చి సంతకం పెట్టి పోతే ఊరుకోను. రాత్రి కాన్పు వస్తే పంచాయతీ డబ్బుతో ఆటో. బోర్లన్నీ పరీక్ష చేయించి, తాగకూడనివాటికి ఎర్రరంగు వేయిస్తాను. మంజీర నీళ్ల పైపు కోసం కలెక్టరు దగ్గర కూర్చుంటాను. పైపు వచ్చేదాకా కొత్త షెడ్డుకు పంచాయతీ సంతకం ఉండదు."

"ఎర్రరంగు!" మొగులయ్య తొడ చరుచుకున్నాడు. "ఓదెలూ, నీకు పని దొరికిందిరా. రంగు డబ్బాలు తెచ్చుకో. ఊర్ల ఏ బోరు మిగలదు, అన్నిటికి ఎరుపే. రంగేస్తే దూప తీర్తదా సిస్టరమ్మా? పైపు ఎప్పుడొస్తది?"

"అర్జీ పెట్టాక..."

"అర్జీ! గుమ్మడిదలోళ్లు పెట్టలేదా అర్జీలు? జిన్నారమోళ్లు పెట్టలేదా? నువ్వు పెట్టే అర్జీకి రెక్కలుంటయా? మొన్న ఓదెలు అత్త దగ్గుకుంట నీ ఇంటికొస్తే సూదన్న వెయ్యలే. నీళ్లు కాచుకొని తాగమన్నవు. గీ నీళ్లు కాస్తే ఏమైతదో తెల్సా నీకు? అడుగున పచ్చటి గసి వడ్తది. కాచిన కొద్ది చిక్కగైతది. మీ కాలనీల మంచినీళ్ల క్యాన్లు కొనుక్కొని తాగుతరు. ఊర్లోళ్లకు మాత్రం కాచుడు చెప్తరు."

ఈ దెబ్బ తగిలింది. కమలాకుమారి చెవుల దాకా ఎర్రబడింది.

రాజవ్వ అరుగు మీదినుంచి ఇంకో మాట కలిపింది. "నేను ఉన్నదున్నట్టు చెప్త. గీ మోకాళ్లు వట్టుకొని ఏడ్సినప్పుడు ఏ సర్కారోడు రాలే. వ్యానొచ్చి సూదేస్తే ఆ రాత్రి నిద్రవోయిన. నన్ను ఎవ్వలు నిద్రవుచ్చిన్రో వాళ్లే నా డాక్టర్లు."

"అది ఏం సూదో అడిగారా అవ్వా?"

"ఆకలైనోడు బువ్వ ఏ చేన్ల పండిందని అడుగడమ్మా."

పుష్పమ్మ తలుపు పక్కనుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఊరి దవాఖాన మీద కన్నా వసారాలో కూర్చున్న మనిషి మీదే ధ్యాస. రాత్రి అతను కడుపు పట్టుకుని లేస్తే ఈ ఇద్దరిలో ఎవరి దవాఖాన తలుపు తెరుచుకుంటుంది? బావ దవాఖాన ముగ్గు దగ్గర ఉంది. సిస్టరమ్మది యూరియా బస్తాల వెనక ఉంది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉన్నట్టే అనిపించింది. ఆ నిజంతో లింగానికి ఒక్క ముద్ద అన్నం కూడా అరగదు.

కమలాకుమారి అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. పుష్పమ్మ నుదుట బొట్టు పెడుతూ ఆమె భుజం మీదుగా వెనక వసారాలోకి చూసింది. వేలు నుదుటి మీదే ఆగింది.

"లింగం, ఇలా వెలుగులోకి రా నాయనా."

లింగం గోడ పట్టుకుని లేచి వచ్చాడు. ఆమె అతని కింది రెప్ప వేలితో లాగి చూసింది. తెల్లగుడ్డు పసుపు తిరిగి ఉంది. పుష్పమ్మ ఆ పసుపు నాలుగు రోజులుగా చూస్తూనే ఉంది. ఎండదెబ్బ అనుకుంది.

"క్యాంపులో నీకేం చేశారు?"

"నెత్తురు తీసిన్రు. రెండు గాజు గొట్టాలల్ల."

"బీపీ చూశారా? నాలుక చూశారా? ఏం మందిచ్చారు?"

"మందియ్యలే. కంపెనీల చేసేటోళ్లకు నెత్తురొక్కటే అన్నరు."

కమలాకుమారి వాకిట్లోకి తిరిగింది. "మా ఆస్పత్రిలో కూడా ఏడాదికోసారి కార్మికులకు రక్తం తీసేవాళ్లం మొగులయ్య గారూ. రిపోర్టు ఆ మనిషి చేతికే ఇచ్చేవాళ్లం. తేడా ఉంటే సెక్షన్ మార్చి, జీతంతో సెలవిచ్చి, మందులిచ్చేవాళ్లం. ఇక్కడ ఈయన రిపోర్టు ఎవరి చేతికి వెళ్లింది? ఈయన చేతికి రాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి మాత్రం తెలిసింది, ఎవరిని ఆపాలో!"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు. ఆర్డర్లు తగ్గినయి, అందుకే ఆపిన్రు."

"ఆర్డర్లు తగ్గితే కొత్త షెడ్డు ఎందుకండీ?"

మొగులయ్య లేచి నిలబడ్డాడు. "ఇగ నడువు. బొట్టు వెట్టినవు, అయిపోయింది. నా ఇంట్ల నిలబడి నా మీదనే..."

"అన్నా."

లింగం గొంతు పెద్దది కాదు. అయినా మొగులయ్య ఆగిపోయాడు.

"నా నెత్తురుల ఏమొచ్చిందే?"

"నువ్వు పోయి పండుకోపో. ఇంట్ల మాట ఇంట్ల మాట్లాడుకుందం."

ఆ ఒక్క మాటతో వాకిలంతా చల్లబడింది. మాట్లాడుకోవడానికి మాట ఒకటి ఉందన్నమాట. నూనె రాస్తున్న రాజవ్వ చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది.

"మొగులీ," అంది ఆమె. "ఇటురా. నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు. వానికేమొచ్చింది?"

మొగులయ్య రాలేదు. తల్లి వైపు చూడలేదు. గోడకు ఆనించిన కమలాకుమారి గొడుగు వైపు చూస్తూ అన్నాడు, "కార్జం. కార్జం ఖరాబైందని కంపెనీ డాక్టరన్నడు. ఎంత ఖరాబైందో నాకు తెల్వదు."

"వీడు కల్లు సుక్క ముట్టడు గదనే!" ఓదెలు నోరు జారింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎప్పుడన్నడు?" లింగం అడిగాడు.

"క్యాంపైన రెండొద్దులకు."

"గేటు కాడ ఆపకముందే."

"నీకేం తెల్సురా!" మొగులయ్య గొంతు లేచింది. దొరికిపోయిన మనిషి కోపం అది. "లోపలుండంగ పడిపోతే కంపెనీ మీద కేసైతది. అందుకే ముందుగాలనే బయటికి పంపుతరు. ఏ కంపెనీల లేదు గిది? నిన్నొక్కన్ని లోపలుంచి ఆ నలుగురిని బయటికి పంపితే ఊరు నా మొకాన ఉమ్మియ్యదా? తమ్ముడైనా సరే ఆపుండ్రన్న. పేరుకు ధర్మంగ ఉండాలె గద. ఎలక్షన్ అయినంక నేనే హైదరాబాదు తీస్కపోదామనుకున్న. ఎల్లుండి దాటనియ్యమన్న, గంతే గద! దవాఖాన ఊర్లకొస్తే నీకే మొదటి మంచం రాసిపెట్టిన!"

"విన్నారా?" అంది కమలాకుమారి. ఆమె కళ్లలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు పుష్పమ్మకు నచ్చలేదు. "పది మంచాల దవాఖాన అంటే ఇదీ! డాక్టరు కంపెనీ మనిషి, రిపోర్టు కంపెనీది, రోగం మాత్రం మీది. లింగం, సాయంత్రం బడి దగ్గర మా మీటింగు. నువ్వొచ్చి మైకులో ఇదే చెప్పాలి. నేను చెప్తే రాజకీయం అంటారు. నీ నోట వింటే ఊరు కదులుతుంది. పుష్పా, నువ్వు కూడా పక్కన నిలబడమ్మా."

పుష్పమ్మ ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ బావ ముందు వంటింటి గుమ్మం దాటి మాట్లాడలేదు. ఇప్పుడు దాటింది. చేతికి ఇంకా బూడిద అంటి ఉంది.

"సిస్టరమ్మా, క్యాంపునాడు మీరు అగో ఆ రోడ్డు మీద గొడుగేసుకొని నిలబడ్డరు. నేను నీళ్లియ్యవోతూ సూసిన. శానసేపు నిలబడ్డరు. ముసలోళ్లకు సూదులేసినప్పుడు మీరు సూడలే. మగోళ్ల చేతులకు రబ్బరు కట్టినప్పుడే సూసిన్రు."

కమలాకుమారి రోడ్డు వైపు చూసింది.

"నెత్తురు ఎందుకు తీస్తున్రో మీకు ఆనాడే తెల్సింది."

"అనుమానం వచ్చింది పుష్పా. ఉత్త అనుమానంతో ఏం చెప్పను? ఎవరు నమ్ముతారు? సూది కూడా వెయ్యని నర్సునని ఊరంతా..."

"ఊరు నమ్మకపోవచ్చు. నేను నమ్మకపోతుంటినా? నా కాన్పుల పిల్లను మీ చేతులతోటి తీసిన్రు. 'లింగాన్ని పక్కకు పిలువు' అని నాకొక్క మాటంటే సాలకపోతుండెనా?"

"రక్తం ఇవ్వకపోతే ఆ రోజే గేటు మూసేవాళ్లమ్మా. తెలుసా నీకు?"

"మూస్తే మూద్దురు. ఎందుకు మూసిన్రో మాకు తెలుస్తుండె. ఆనాటి సంది మా ఆయన తిన్నది కక్కుతుంటే నేను ఎండదెబ్బనుకొని మజ్జిగ వోస్తున్న. మీరేమో మీటింగు దినమొచ్చేదాక ఆగిన్రు."

కమలాకుమారి చేతిలోని భరిణె మూత పెట్టింది. మొగులయ్య పెద్దగా చప్పట్లు కొట్టాడు.

"శెభాష్! మా ఇంటి కోడలంటే గట్లుండాలె. ఇన్నవా సిస్టరమ్మా? ఇగ..."

"మీరు నవ్వకుండ్రి బావా." పుష్పమ్మ అటు తిరగకుండానే అంది. "ఆమె రోడ్డు మీద నిలబడి దాచింది. మీరు ఆయన పక్కన కూసొని, ఒక్క కంచుడుల కూర వంచుకొని, అన్నం తినుకుంట దాచిన్రు."

కొట్టబోయిన చప్పట్లు మొగులయ్య చేతుల్లోనే ఉండిపోయాయి. రాజవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వుకోవడానికి కాదు.

కమలాకుమారి గొడుగు అందుకుంది. గడప దగ్గర ఆగి, లింగం వైపు కాక నేల వైపు చూస్తూ అంది. "సాయంత్రం మీటింగుకి రాకపోయినా ఫరవాలేదు. పొద్దున మొదటి బస్సుకి హైదరాబాదు బయల్దేరండి. నేను వెంట వస్తాను. పోలింగు అయ్యేదాకా మాత్రం ఆగొద్దు." రోడ్డు మీద ఆమె కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు ఏమయిందని అడుగుతుంటే చెప్పకుండా ముందు నడిచింది.

ఆమె వెళ్లాక మొగులయ్యకు మళ్లీ గొంతు వచ్చింది. "లింగం గడప దాటద్దు. ఆ మీటింగుల కనబడితే నాకు తమ్ముడు లేడనుకుంట. పుష్పా, నీకు గూడ చెప్తున్న. ఆమె వెంట బస్సెక్కితే పొద్దుగూకేవరకు ఊరంత తెలుస్తది. మీ నోట్లె మట్టి మీరే వోసుకుంటరు. రేపు ఆ నలుగురి పెండ్లాలు వచ్చి గీ వాకిట్ల పడి ఏడిస్తే ఎవ్వలు జవాబు చెప్తరు?"

నలుగురి పెండ్లాలు. ఆ మాటకు స్తంభం దగ్గర గాజులు కదిలాయి. పుష్పమ్మ అటు చూసింది. ఇంతసేపూ అందరూ మరిచిపోయిన మనిషి అక్కడే ఉంది. ఓట్లన్నీ ఆమె పేరు మీదే పడాలి. దవాఖానా ఆమె పేరు మీదే రావాలి. ఆమెను ఇంతసేపూ ఎవరూ ఒక్క మాట అడగలేదు.

పుష్పమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. క్యాంపుకు పిలవడానికి మగవాళ్లెవరూ వెళ్లలేదు. ఓట్లు అడిగినట్టే, నర్సింహమ్మ ఇదే భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచింది. పుష్పమ్మ పళ్లెం పట్టుకుని వెంట నడిచింది. మల్లన్న భార్య మొండికేసింది. తన మొగుడికి సూదంటే భయమని, రాడని అంది. నర్సింహమ్మ ఆమె గడ్డం పట్టుకుని బతిమాలింది. "నా బొట్టు తీసెయ్యకు చెల్లే. మీ మంచికే పిలుస్తున్న. నా మాట మీద తోలియ్యి." బొట్టును కాదనలేక ఆమె మల్లన్నను తోలింది. గేటు దగ్గర ఆగిపోయిన నలుగురిలో మల్లన్న ఒకడు.

"ఏ, నర్సింహా!" మొగులయ్య భార్యను కేకేశాడు. "మొకం కడుక్కో, బొట్టు దిద్దుకో. జీపొస్తుంది. కంపెనీ సారు వచ్చి ముగ్గు పోసిన కాడ కొబ్బరికాయ కొడ్తడు. నువ్వు పక్కన నిలబడాలె, ఫోటో తీస్తరు. మాట యాదికున్నది గద? పది మంచాల దవాఖాన..."

నర్సింహమ్మ మొహం కడుక్కోలేదు. ఆమె నుదుట ఇద్దరి బొట్లూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, పొద్దున తను పెట్టుకున్నది, ఇందాక కమలాకుమారి పెట్టింది. భరిణె మూత తీసి చూసింది. కుంకుమ ఇంకా ఉంది. మూత పెట్టి నడుము దగ్గర దోపుకుంది. అరుగు కింద చెప్పులు వెతుక్కుని కాళ్లకు వేసుకుంది. లింగం ముందు ఒక్క క్షణం ఆగింది. ఏదో అంటుందని పుష్పమ్మ ఎదురుచూసింది.

"జీపు ఇంక రాలేగదనే," అన్నాడు మొగులయ్య. "ఏడికి?"

దూరంగా బడి దగ్గర మైకు గొంతు సవరించుకుంటోంది. రోడ్డు ఎడమ వైపునుంచి జీపు హారను వినిపించింది. నర్సింహమ్మ గడప దాటి, కుడి చేతి సందులోకి, మల్లన్న ఇంటి వైపు తిరిగింది.